పిల్లల ఫోటోలు రోజూ తీస్తున్నా ముఖాలు సరిగ్గా రావడం లేదు, ఏం మార్చుకోవాలి?

ప్రశ్న: రాజోలు వైపు నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. మా వారు ఉద్యోగరీత్యా కువైట్‌లో ఉంటారు. ఏడేళ్ల పాప, మూడు నిండిన బాబు ఇక్కడ నా దగ్గర, మా అత్తమామల దగ్గర పెరుగుతున్నారు. వీడియో కాల్‌లో రోజూ చూసుకుంటారు గానీ, మాట్లాడటం అయిపోగానే అది పోతుంది. ఫోటో మాత్రం ఆయన దగ్గర ఉండిపోతుంది. అందుకని పండగలకూ పుట్టినరోజులకే కాకుండా మామూలు రోజుల్లో కూడా పిల్లల ఫోటోలు తీసి పంపిస్తూ ఉంటాను.

అయితే ఆ ఫోటోల్లో నా పిల్లలు నా పిల్లల్లా కనబడటం లేదు. పెరట్లో కొబ్బరిచెట్ల కింద తీస్తే ముఖమంతా ఎండ మచ్చలు పడి, కళ్ల గుంటలు నల్లగా వస్తున్నాయి. ఇంట్లో నుంచి వీధి వైపు తీస్తే వెనకాల అంతా తెల్లగా వెలిగిపోయి ముఖాలు చీకట్లో ఉండిపోతున్నాయి. ముఖం బాగా కనబడాలని దగ్గరకు వెళ్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయినట్టు ఉంటున్నాయి. పాప ఫోన్ చూడగానే బిగుసుకుపోయి పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంది, బాబు ఒక్క క్షణం నిలవడు. వెనకాల దండెం మీద బట్టలో, మోటారు సైకిలో, నీళ్ల డ్రమ్మో ఎప్పుడూ పడుతూనే ఉంటుంది.

మాది తూర్పు ముఖం పెంకుటిల్లు. ముందు వసారా, అరుగులు ఉన్నాయి, వెనక కొబ్బరితోట, పక్కనే పంట కాలువ. నా ఫోన్ మధ్యరకంది, కొని రెండు మూడేళ్లయింది. మంచి కెమెరా కొని పంపిస్తానని మా వారు అంటున్నారు. కెమెరా వస్తేనే ఇవి బాగుపడతాయా, లేక తీసే పద్ధతిలో మార్చుకోవలసింది ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం: పాలకొల్లులో చాలాకాలం స్టూడియో నడిపినవారు

అమ్మా, కెమెరా సంగతి తరువాత చూద్దాం. మీరు చెప్పిన లోపాల్లో మూడొంతులు వెలుతురు వల్ల వస్తున్నవే, ఆ వెలుతురును సరిచేసే కెమెరా ఏదీ లేదు. పిల్లలను ఎక్కడ కూర్చోబెడుతున్నాం, మనం ఎటువైపు నిలబడుతున్నాం అన్న రెండు విషయాలు మారితే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోనే మీరు నమ్మలేనంత బాగా తీస్తుంది.

ముందుగా కొబ్బరితోట గురించి చెబుతాను, ఎందుకంటే మన కోనసీమలో అందరూ ఫోటో అనగానే పిల్లలను తీసుకువెళ్లేది అక్కడికే. మనిషి కంటికి అది చల్లగా, హాయిగా ఉంటుంది కానీ, మట్టల సందుల్లోంచి దిగే ఎండ ముఖం మీద చారలుగా పడుతుంది. ఆ చార వెలుతురూ పక్కనున్న నీడా మన కంటికి ఒకేసారి అందుతాయి, కెమెరాకు అందవు. చారను చూసి సర్దుకుంటే నీడ నల్లబడుతుంది, నీడను చూసి సర్దుకుంటే చార తెల్లగా కాలిపోతుంది. దానికి తోడు మనం ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు పదహారున్నర డిగ్రీల దగ్గర. అందువల్ల మే మొదటి వారం చివర్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగానే పోతుంది కాబట్టి, మనకు గడియారంలో పన్నెండు అంటే దాదాపు సూర్యుడి పన్నెండే. ఆ నడినెత్తి ఎండలో ఎవరిని నిలబెట్టినా కనుబొమల నీడ కళ్ల మీదా, ముక్కు నీడ పై పెదవి మీదా పడుతుంది. కళ్ల గుంటలు నల్లగా వస్తున్నాయని మీరు అంటున్నది ఇదే. కాబట్టి ఎండాకాలంలో పొద్దున్న తొమ్మిది దాటాక, సాయంత్రం నాలుగయ్యే వరకు ఆరుబయట ముఖాలు తీసే పని పెట్టుకోకండి. డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నానికి కూడా సుమారు యాభై డిగ్రీల ఎత్తుకే వస్తాడు కనుక అప్పుడు ఇంత కష్టం ఉండదు. ధనుర్మాసపు ఉదయాల్లో మంచు పట్టినప్పుడూ, వానాకాలంలో మబ్బు కమ్మినప్పుడూ ఆకాశమంతా ఒకే తెల్లటి వెలుతురై ముఖం మీద సమంగా పరుచుకుంటుంది. మబ్బు పట్టింది కదా అని ఫోన్ లోపల పెట్టేయకండి, అవి మీకు దొరికే మంచి రోజులు.

ఇక మీ వసారా. పెంకుటింటి చూరు కిందికి దిగి ఉంటుంది, దానివల్ల పైనుంచి పడే ఎండ ఆగిపోయి, వెలుతురు ఎదురు నుంచీ, వాకిలి నేల మీద నుంచీ మాత్రమే లోపలికి వస్తుంది. డబ్బు పెట్టి స్టూడియోల్లో మేము గొడుగులూ తెరలూ కట్టి తెచ్చుకునే వెలుతురు సరిగ్గా అలాంటిదే. మీది తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. సూర్యుడు చూరు దాటి పైకి ఎక్కాక, అక్కడి నుంచి సాయంత్రం దాకా మీ వసారాలో మెత్తటి వెలుతురే ఉంటుంది. మీరు ఇప్పుడు ఇంటి లోపల నిలబడి వీధి వైపు తీస్తున్నారు. దాన్ని తిరగేయండి. పిల్లలు వసారా అంచుకు ఒక అడుగు లోపలగా కూర్చుని వీధి వైపు చూడాలి, మీరు వాకిట్లో వీధికి వీపు పెట్టి నిలబడాలి. అప్పుడు వెనకాల ఇంటి లోపలి చీకటి వస్తుంది, దానిలో దండెమూ డ్రమ్మూ కూడా చాలావరకు కలిసిపోతాయి.

వెలుతురు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒకే ఒక గుర్తు చెబుతాను. పిల్లల కంటిపాపలోకి చూడండి. ఆకాశమో వాకిలో అందులో చిన్న తెల్లని మెరుపుగా కనబడితే ఫోటో తీయండి, కనబడకపోతే వాళ్లను కొంచెం వెలుతురు వైపు తిప్పండి. ఆ మెరుపు లేని ముఖం ఎంత స్పష్టంగా వచ్చినా నిద్రమొహంలా ఉంటుంది. ముఖం నేరుగా వెలుతురు వైపు ఉంటే చదునుగా, శుభ్రంగా వస్తుంది. కొంచెం పక్కకు తిరిగితే ఒక చెంప మీద పలుచటి నీడ పడి, బుగ్గ గుండ్రదనం తెలుస్తుంది. నాకు రెండోదే ఇష్టం.

పచ్చదనం గురించి కూడా ఒక మాట. అరటిచెట్ల పక్కనో, నాట్లు వేసిన చేను గట్టునో పిల్లలను నిలబెడితే ఆకుల మీద పడిన ఎండ ఆకుపచ్చ రంగు పులుముకుని గడ్డం కిందికీ మెడ మీదికీ వస్తుంది. ముఖం రోగిష్ఠిగా కనబడటానికి మన ప్రాంతంలో ఇది పెద్ద కారణం. ఆకుల గొడుగు కింద నుంచి పిల్లలను కొంచెం ఇవతలికి జరపండి. అక్కడే తీయాలనుకుంటే తాతగారి తెల్ల పంచె ఒకటి వాళ్ల ముందు నేల మీద పరవండి, ఫోటోలో పడనంత దూరంలో ఉంటే చాలు. తెల్లటి వెలుతురు కింది నుంచి తిరిగివచ్చి ఆకుపచ్చను తగ్గిస్తుంది.

ఫోన్ వెనక అద్దాన్ని ప్రతిసారీ మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. వంటింటి చేతుల నూనె, పిల్లల వేలిముద్రలు దాని మీద చేరితే ఎంత మంచి వెలుతురైనా పొగ పట్టినట్టే వస్తుంది.

రెండో సమాధానం: భీమవరం నుంచి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు

వెలుతురు గురించి పెద్దవారు చెప్పినదానికి నేను కలపగలిగింది ఏమీ లేదు. పాప బిగుసుకుపోవడం గురించి మాత్రం చెప్పాలనిపించింది, తరగతి గదిలో ఈ వయసు పిల్లలను నేను రోజూ చూస్తూ ఉంటాను.

"నవ్వు" అని అడిగితే ఏడేళ్ల పిల్ల చేయగలిగింది పళ్లు చూపించడమే. అది ఆ పిల్ల తప్పు కాదు, మనం అడిగినదే ఇస్తోంది. అడగడం మానేసి చేతికి ఒక పని ఇవ్వండి. నాన్నమ్మ పక్కన పీట వేసుకుని పూలు మాల కట్టడం కావచ్చు, బియ్యంలో రాళ్లు ఏరడం కావచ్చు, తమ్ముడికి కొబ్బరాకుతో బూర చుట్టి ఇవ్వడం కావచ్చు. చేతులకు పని దొరికితే ముఖం తనంతట తాను వదులవుతుంది. ఆ పీట ఎక్కడ వేయాలన్నది మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి, పైన చెప్పినట్టు వసారా అంచునే వేయించండి. పని మధ్యలో మీరు ఏదైనా మామూలు సంగతి అడిగితే తను తలెత్తి చూస్తుంది. అప్పుడు వచ్చే చూపు మీ వారికి బాగా తెలిసిన చూపే అయి ఉంటుంది. నవ్వు లేకపోయినా ఫరవాలేదు. ఆలోచనలో పడిన ముఖం, అలిగిన ముఖం, కథ వింటున్న ముఖం కూడా పిల్లల ముఖాలే. అన్నింటిలోనూ నవ్వుతున్న ఫోటోలే ఉంటే తండ్రికి పిల్లలో సగమే అందినట్టు.

మూడేళ్ల బాబును నిలబెట్టే ప్రయత్నం అసలు వద్దు. ముంజల కాలంలో తాటి బుర్రలతో బండి చేసి ఇస్తే వాకిట్లో అటూ ఇటూ ఒకే దారిలో తిప్పుతూ ఉంటాడు, మీరు ఆ దారి చివర కూర్చుంటే చాలు, వాడే మీ దగ్గరకు వస్తూ ఉంటాడు. నిద్రపోయి లేచి, కడుపు నిండిన తరువాతి సమయం మంచిది. ఆకలి మీద ఉన్న పిల్లాడిని ఫోటో కోసం సముదాయించడం ఇద్దరికీ శిక్షే.

ఎత్తు విషయం కూడా చాలామంది పట్టించుకోరు. మనం నిలబడి కిందికి చూస్తూ తీస్తే తల పెద్దగా, కాళ్లు చిన్నగా వచ్చి పిల్లలు ఇంకా చిన్నబోతారు. ఫోన్ వాళ్ల కళ్ల ఎత్తుకు రావాలి. మీ ఇంటికి అరుగు ఉండటం ఎంత సౌకర్యమో చూడండి: పిల్లలు అరుగు మీద కూర్చుంటే, వాకిట్లో నిలబడిన మీ ఎత్తుకు దాదాపుగా వాళ్లే వచ్చేస్తారు. నేల మీద ఆడుతున్నప్పుడైతే మీరూ గొంతుక్కూర్చోక తప్పదు.

పాప వద్దంటే ఆ పూటకు ఆపేయండి. తీసినవి తనకు చూపించి, తనకు నచ్చనివి తనే తీసేసేలా ఒప్పుకోండి. అప్పుడప్పుడు ఫోన్ తన చేతికిచ్చి తమ్ముణ్ణి తీయమనండి, తన ఎత్తు నుంచి తను తీసినవి మనకు రావు. స్నానాల ఫోటోలు, బడి పేరు కనబడే యూనిఫాం ఫోటోలు మాత్రం ఇంట్లోవాళ్లకు తప్ప ఎక్కడా పెట్టవద్దని నా మనవి.

మూడో సమాధానం: కాకినాడ నుంచి, ఫోటోగ్రఫీ అభిరుచి ఉన్నవారు

ముక్కు పెద్దదిగా రావడానికి కారణం దూరం. ఫోన్‌లోని ప్రధాన లెన్స్ వెడల్పుగా చూసే రకం, పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో చెబితే సుమారు 24 నుంచి 28 మిల్లీమీటర్ల లెన్స్ లాంటిది. దానితో ముఖం తెర నిండా రావాలంటే మూరెడు దూరానికి వెళ్లాలి. అంత దగ్గర నుంచి చూస్తే ముక్కుకూ ఫోన్‌కూ ఉన్న దూరం, చెవులకూ ఫోన్‌కూ ఉన్న దూరం కంటే బాగా తక్కువ కాబట్టి ముక్కు పెరుగుతుంది. రెండు మీటర్లు వెనక్కి వచ్చి, రెండింతల జూమ్ పెట్టుకుని తీయండి. ముఖం మళ్లీ ముఖంలా ఉంటుంది. జూమ్ చేస్తే మీ ఫోన్‌లో నాణ్యత పడిపోతుంటే, వెనక్కి వచ్చి మామూలుగానే తీసి తరువాత చుట్టూ కత్తిరించుకోండి. పోర్ట్రెయిట్ మోడ్ వెనకాల ఉన్నదాన్ని మసకబారుస్తుంది గానీ, జడలో మల్లెపూలనూ, చెదిరిన ముంగురులనూ కూడా వెనకాలదిగా పొరబడి చెరిపేస్తుంటుంది. అందుకే పిల్లలను గోడకు ఆనించకుండా నాలుగైదు అడుగులు ముందుకు జరిపి తీయడమే నాకు నచ్చుతుంది.

పరుగెత్తే బాబుకు షట్టర్ వేగం, అంటే ఫోటో పడేందుకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 500వ వంతు దాకా కావాలి, కూర్చున్న పిల్లకు 125వ వంతు సరిపోతుంది. మధ్యరకం ఫోన్లలో కూడా ప్రో మోడ్ ఉంటే అది మార్చుకోవచ్చు, లేకపోతే వెలుతురు ఎక్కువ ఉన్నచోట తీస్తే ఫోనే వేగం పెంచుకుంటుంది. బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా తీసుకుపోయే సదుపాయం చాలా ఫోన్లలో ఉంది, అందులోంచి ఒకటి ఉంచుకుని మిగిలినవి అదే రోజు తీసేయండి.

పెద్దవారితో ఒక్క విషయంలో మాత్రం నేను ఏకీభవించను. ఎండను అంతగా తప్పించుకోనవసరం లేదు. సాయంత్రం సూర్యుడు దిగుతున్నప్పుడు కాలువ గట్టు మీద పిల్లలను సూర్యుడికి వీపు పెట్టి నిలబెడితే జుట్టు అంచు బంగారు రంగులో మెరుస్తుంది. తెర మీద ముఖాన్ని వేలితో తాకి వెలుతురు కొంచెం పెంచుకుని, లెన్స్ మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటే చాలు. కానీ గట్టు మీద తీసేటప్పుడు ఇంకొక పెద్దమనిషి పిల్లల పక్కన తప్పనిసరిగా ఉండాలి, మీరు తెర చూస్తూ వెనక్కి ఒక్క అడుగు కూడా వేయకూడదు.

కెమెరా గురించి అడిగారు కాబట్టి: కొంటే 50 మిల్లీమీటర్ల 1.8 లెన్స్ (1.8 అంటే వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే రకం) ఒకటి ఉన్నది చాలు. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాల మీద అది 75, 80 మిల్లీమీటర్ల లెన్స్‌లా పనిచేసి ముఖాలకు చక్కగా సరిపోతుంది. మన గాలిలో తేమకు లెన్స్ లోపల బూజు పడుతుంది కాబట్టి బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోవాలి. ఇప్పుడే కొనమని మాత్రం నేను అనను. చేతికందే ఫోన్‌తో దొరికే క్షణం, బీరువాలోంచి కెమెరా తీసేలోపు అయిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు మబ్బుగా ఉండటంతో వసారా అంచున తీసి చూశాను, పాప కళ్లలో ఆ తెల్లని మెరుపు నిజంగానే వచ్చింది. ఇంకా రెండు సందేహాలున్నాయి. బాబు ఎక్కువగా రాత్రి అన్నాల వేళే హుషారుగా ఉంటాడు, అప్పుడు తీసినవన్నీ అలుక్కుపోతున్నాయి. రెండోది, పాప చామనఛాయగా ఉంటుంది. ఫోటోలో నల్లగా వస్తోందని మా అత్తగారు ఫోన్‌లో తెల్లగా చేసే బ్యూటీ ఫిల్టర్ పెట్టమంటారు. పెడితే నాకు ఆ ముఖం మా పాపదిగా అనిపించదు. ఏం చేయాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

రెండోదానికి ముందు జవాబు చెబుతాను, అది నా మనసుకు దగ్గరి విషయం. ఫిల్టర్ పెట్టకండి. చామనఛాయ ముఖం నల్లగా రావడం చాలాసార్లు కెమెరా లెక్క వల్ల జరుగుతుంది. కెమెరా తన ముందున్న దృశ్యమంతటినీ సగటున నడిరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. వెనక సున్నం గోడో, ఒంటి మీద తెల్ల గౌనో ఉంటే ఆ తెలుపును తగ్గించబోయి ముఖాన్ని కూడా తగ్గించేస్తుంది. తెర మీద పాప ముఖాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. గోడ మరీ తెల్లబడినా పట్టించుకోవద్దు, ముఖం నిజమైన రంగుకు వచ్చిందా అన్నదే చూడండి. ముదురు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పరికిణీలు తెల్ల గౌను కన్నా ఈ ఛాయకు ఎంతో నప్పుతాయి.

ఈ లెక్కలో ఒక చరిత్ర కూడా ఉంది. కొడాక్ సంస్థ కలర్ ప్రింట్లు సరిచూసుకోవడానికి ల్యాబులకు పంపిన షిర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీల బొమ్మలే ఉండేవి, వేర్వేరు ఛాయల మనుషులున్న కార్డులు 1990ల్లో గాని రాలేదు. 2021లో గూగుల్ పిక్సెల్ 6 ఫోన్‌తో రియల్ టోన్ పేరిట అన్ని చర్మఛాయలనూ సరిగ్గా చూపే ప్రయత్నం చేసింది. లోపం యంత్రాన్ని సర్దినవారిదే గాని పాప ఛాయది ఎన్నడూ కాదు. మీ అత్తగారికి ఇదంతా చెప్పనక్కర్లేదు, మంచి వెలుతురులో వచ్చిన ఫోటోను పెద్దగా చూపించండి. ఆ ఛాయ మీద వెలుతురు పడితే వచ్చే నిగారింపు ఏ ఫిల్టరూ ఇవ్వలేదు. ఈ ఫోటోలు రేపు పాప కూడా చూసుకుంటుంది. తన రంగు దిద్దవలసిన లోపమని తన ఇంటి ఫోటోలే తనకు చెప్పకూడదు.

రాత్రి సంగతి: ఫ్లాష్ వద్దు, ముఖం చదునై కళ్లు ఎర్రబడతాయి. నైట్ మోడ్ కూడా కదిలే పిల్లలకు పనికిరాదు, అది చాలాసేపు వెలుతురు పోగుచేసుకుంటుంది కాబట్టే అలుక్కుపోతోంది. బల్బుకు సరిగ్గా కింద కాకుండా రెండు మూడు అడుగులు అవతల, బల్బు ఎదురుగా ఉండేలా పీట వేయండి. ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే దాని లైటును పిల్లల మీదికి కాకుండా పక్కనున్న తెల్లగోడ మీదికి తిప్పండి, గోడంతా వెలుతురిస్తుంది. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు పిల్లలు ఒక్క క్షణం ఆగుతారు, అప్పుడు తీయండి.

నాలుగో సమాధానం: ముమ్మిడివరం ప్రాంతం వారు, ప్రస్తుతం మస్కట్‌లో

అమ్మా, నేను మీ వారి స్థానంలో ఉన్నవాణ్ణి, అందుకే రాస్తున్నాను. వెనకాల ఉన్నవన్నీ తప్పించమని అందరూ చెబుతున్నారు. ముఖం కోసం తీసేవాటిలో తప్పించండి, కానీ అన్నింటిలోనూ తప్పించకండి. మా ఇంటి నుంచి వచ్చే ఫోటోల్లో నేను ముందు పిల్లల ముఖం చూస్తాను, తరువాత వెనకాల చూస్తాను. దింపు తీసి పోగేసిన కాయలు, కొత్తగా వేసిన సున్నం, దండెం మీద అమ్మ చీర, గుమ్మం కమ్మికి తాకేంత ఎదిగిన పాప తల, ఇవన్నీ నాకు కావాలి. నెలకొకసారైనా పిల్లలిద్దరినీ అదే గుమ్మం దగ్గర, అదే దూరం నుంచి నిలువెత్తుగా తీసి పంపించండి, పెరుగుదల కళ్లకు కనబడుతుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పరిమాణం బాగా తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వస్తుంది. అందులో తీసిన చోటు వివరం కూడా వచ్చే అవకాశం ఉంది కనుక, అలా ఇంట్లోవాళ్లకు మాత్రమే పంపండి. ఆరు అంగుళాలకు నాలుగు అంగుళాల ప్రింటు స్పష్టంగా రావాలంటే 1800కి 1200 పిక్సెళ్లు ఉండాలి, మీ ఫోన్ అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. వాటిలో మంచివి అమలాపురంలోనో రాజోలులోనో ప్రింటు వేయించి, వెనకాల తేదీ, పిల్లల వయసు రాసి, ఈసారి ఆయన సెలవు మీద వచ్చి వెళ్లేటప్పుడు పెట్టెలో పెట్టి పంపండి.